గ్రీన్ కార్డుకి ‘ప్రీమియం’ అంటే నమ్మకండి: లక్షా డెబ్భై వేలు కట్టి, పద్నాలుగు నెలలు పోగొట్టుకున్నాం

అన్నయ్యకో అక్కకో అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, మనకీ గ్రీన్ కార్డు వేయించుకుందాం అని కన్సల్టెన్సీలో డబ్బు కట్టబోతున్నారా? ఒక్కరోజు ఆగి ఇది చదవండి. మేం ఆగలేదు, కట్టేశాం.

మాది గుంటూరు. మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు, 2023లో సిటిజన్ అయ్యాడు. “నీకూ వేసేస్తానే, వచ్చేదెప్పుడో వస్తుంది” అన్నాడు. తనకి ఆఫీసుతోనే సరిపోతుంది కాబట్టి కాగితాల పని ఇక్కడే ఎవరితోనైనా చేయించమన్నాడు. 2024 సంక్రాంతి అయిన వారానికి నేనూ మా ఆయనా హైదరాబాద్ వెళ్లి, తెలిసినవాళ్లు చెప్పిన కన్సల్టెన్సీలో కూర్చున్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

“మామూలుగా వేస్తే పదేళ్లు మేడమ్. ప్రీమియంలో వేస్తే నాలుగైదేళ్లు. పాప ఇంజినీరింగ్ అక్కడే చదువుతుంది” అన్నాడు అక్కడి కుర్రాడు. మా పాపకి అప్పుడు పదేళ్లు. ఆ ఒక్క మాటకి పడిపోయాను. మా ఆయన ఏదో అడగబోతుంటే నేనే మోచేత్తో పొడిచాను, అది ఇప్పటికీ దెప్పుతారు.

మొత్తం లక్షా నలభై వేలు. అందులో అరవై వేలు ఒక్క ప్రీమియంకే. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వెళ్లే పిల్లల నోట రోజూ వినే మాటే కదా, అదనపు ఫీజు కడితే వారాల్లో తేలిపోతుందని. దీనికీ ఉంటుందనుకున్నాం. లేదు. కుటుంబ సభ్యుల కోసం వేసే ఐ-130 పిటిషన్‌కి ప్రీమియం ప్రాసెసింగ్ అన్నదే లేదు. ఎవరు ఎంత పెద్ద ఆఫీసు పెట్టి చెప్పినా సరే.

అసలు సంగతేమిటంటే, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కేటగిరీని ఎఫ్-4 అంటారు. ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 65,000 వీసాలు. దాని మీద మళ్లీ ఏ దేశానికీ ఏడు శాతానికి మించకూడదన్న పరిమితి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ అని ఒకటి ఉచితంగానే విడుదల చేస్తుంది. 2025 బులెటిన్లలో ఎఫ్-4 దగ్గర ఇండియా గడి చూడండి, తేదీ ఇంకా 2006లోనే ఉంది. అంటే 2006లో వేసినవాళ్లని 2025లో పిలిచారు. తిరుమలలో కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టినట్టే. పిటిషన్ అప్రూవ్ అయినా తలుపు తీసేదాకా కూర్చోవాల్సిందే. తేడా ఏంటంటే ఇక్కడ వీఐపీ బ్రేక్ లేదు.

ఇక మా పాప సంగతి. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే మన పిటిషన్ కింద పిల్లలు రాలేరు. 2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం, పిటిషన్ అమెరికా ఇమిగ్రేషన్ కార్యాలయమైన యూఎస్‌సీఐఎస్ పరిశీలనలో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేస్తారు. అప్రూవ్ అయ్యాక క్యూలో గడిచిన ఏళ్లని మాత్రం తీయరు. ఈ లెక్కన మా పిలుపు వచ్చేసరికి దానికి పెళ్లయి పిల్లలు కూడా ఉంటారేమో. ఇది ఆ కుర్రాడికి తెలియదని నేననుకోను.

డబ్బు కట్టాక నా బర్త్ సర్టిఫికెట్ దగ్గర మెలిక పెట్టారు. నేను తెనాలి దగ్గర పల్లెలో ఇంట్లోనే పుట్టాను, రిజిస్టర్ చేయించలేదు. పుట్టిన రికార్డు లేదని ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తెప్పిస్తామని ఇంకో పద్దెనిమిది వేలు తీసుకుని తేలేదు. చివరికి మా చిన్నాన్న తిరిగి తెచ్చి ఇచ్చాడు, ఖర్చు బస్సు చార్జీలు, జిరాక్సులు.

ఏప్రిల్లో ఫోన్. “యూఎస్‌సీఐఎస్ ఫీజు పెంచింది మేడమ్, తేడా పన్నెండు వేలు పంపండి.” ఫీజు పెరిగిన మాట నిజమే. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-130కి 535 డాలర్లున్నది కాగితాల మీద పంపితే 675, ఆన్‌లైన్‌లో వేస్తే 625 అయ్యింది. మా ఆయన అప్పుడే అన్నారు, “జనవరిలో పంపేసిన దానికి ఏప్రిల్లో పెరిగిన ఫీజు ఎందుకు?” అని. ఎంత సూటి ప్రశ్నో చూడండి. నేను వినలేదు, ఫోన్‌పే చేసేశాను.

జూన్‌లో వాట్సాప్‌లో ఒక రసీదు నంబరు పెట్టారు. మూడు అక్షరాలు, పది అంకెలు, చూడ్డానికి సరిగ్గానే ఉంది. స్క్రీన్‌షాట్ తీసి అన్నయ్యకి పంపాను, “థ్యాంక్స్ రా” అన్నాడు, అయిపోయింది. ఎనిమిది నెలలు ఎవరమూ ఆ నంబరు కొట్టి చూడలేదు. 2025 ఫిబ్రవరిలో మా వదిన ఏదో పనిలో ఉండి యూఎస్‌సీఐఎస్ సైట్‌లో కొడితే, వర్క్ పర్మిట్ కార్డు పోస్టులో పంపించాం అని వచ్చింది. మేం వేయించింది ఐ-130, అక్కడున్నది ఐ-765, అంటే వర్క్ పర్మిట్ ఫారం. ఎవరిదో నంబరు మా మొహాన కొట్టారు. మా పిటిషన్ అసలు వెళ్లనే లేదు.

నాకు కడుపు రగిలింది డబ్బు కోసం కాదు. ఈ క్యూలో మన చేతిలో ఉండేది ఒక్కటే, వేసిన తేదీ. దాన్ని ప్రయారిటీ డేట్ అంటారు. 2024 జనవరిలో ఉండాల్సిన తేదీ మాకు 2025 మార్చి 16 అయ్యింది. ఆ ఆదివారం అన్నయ్యే తన పేరుతో అకౌంట్ తెరిచి, మా ఇద్దరి కాగితాలు అప్‌లోడ్ చేసి, కార్డుతో 625 డాలర్లు కట్టాడు. మన డబ్బుల్లో యాభై నాలుగు వేల చిల్లర. రసీదు తన అకౌంట్లోనే కనిపించింది. పిటిషన్ వేయాల్సింది సిటిజన్ అయిన మనిషే. మీ తరఫున ఇంకెవరైనా వేశామంటే, ఆ రసీదు మీ అన్నయ్య పేరు మీద వచ్చిందా లేదా అడగండి. కేసులో చిక్కులుంటే అమెరికాలో లైసెన్సున్న అటార్నీ దగ్గరికి వెళ్లండి, ఇలాంటి కౌంటర్లకి కాదు.

డబ్బు అడగడానికి వెళ్లినప్పుడు హాల్లో ఒంగోలు నుంచి వచ్చిన పెద్దాయన కనిపించారు. “మా అమ్మాయికి గ్రీన్ కార్డు వచ్చిందమ్మా, మాకూ ఆవిడకీ వేయిస్తున్నాం” అన్నారు. రెండు లక్షలు కట్టేశారట. గ్రీన్ కార్డున్నవాళ్లు భార్య లేదా భర్తకి, పెళ్లికాని పిల్లలకే వేయగలరు. అమ్మానాన్నలకి వేయాలంటే సిటిజన్ అయి, ఇరవై ఒక్కేళ్లు నిండి ఉండాలి. అప్పుడైతే ఈ ఎఫ్-4 లాంటి క్యూ కూడా ఉండదు. మెల్లగా చెప్తే ఆయన నమ్మలేదు, లోపలివాళ్లు చెప్పిందే నిజమన్నారు. 2024 జనవరిలో నేనూ అలాగే ఉన్నాను కదా, ఏమనగలను.

వాళ్లిచ్చిన బిల్లు మీద రాసింది “కౌన్సెలింగ్, డాక్యుమెంటేషన్ చార్జీలు”. ఫైలింగ్ అన్న మాట ఎక్కడా లేదు. లక్ష రూపాయలు నగదుగా ఇచ్చాం, అదీ మా తెలివి. పోలీస్ స్టేషన్లో రాసిచ్చాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాం. నలభై వేలు వెనక్కి వచ్చాయి. ఒరిజినల్ టెన్త్ మార్కుల మెమో మాత్రం నాలుగుసార్లు తిరిగితే గానీ ఇవ్వలేదు. ఎవరికీ ఒరిజినల్స్ ఇవ్వకండి, చూపించి తెచ్చేసుకోండి.

ఇప్పటికే కట్టి ఉంటే, ఈ రాత్రికే మీ రసీదు నంబరు మీరే కొట్టి చూడండి. ఏ ఫారం పేరు వస్తుందో చదవండి.

మొన్న ఉగాదికి వాళ్ల నుంచి వాట్సాప్ వచ్చింది. మామిడాకులు, వేపపువ్వు బొమ్మ, కింద “మీ ఫైల్ ప్రీమియంలో ప్రాసెస్ అవుతోంది” అని.