రెక్కలు లేని ఫ్యాను, వేలు పోసి కొన్న వ్యాక్యూమ్: పెట్టిన డబ్బుకి పని జరుగుతుందా?

రెక్కలు లేని ఫ్యానుకి కూడా రెక్కలుంటాయి. కాకపోతే కింద దిమ్మెలో దాక్కుని ఉంటాయి. అక్కడి చిన్న మోటారు గాలిని లాగి పైనున్న ఉంగరంలోకి తోస్తుంది, ఆ ఉంగరం చుట్టూ ఉన్న సన్నటి సందులోంచి గాలి జోరుగా బయటికొస్తూ తన వెనకా పక్కనా ఉన్న గాలిని కూడా ఈడ్చుకుపోతుంది. సూత్రం చక్కగానే ఉంది, నాకూ నచ్చింది. 2009లో డైసన్ కంపెనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు లాగిన గాలికి 15 రెట్లు బయటికి పంపుతుందని చెప్పుకుంది. 15 రెట్లు అనగానే ఇల్లెగిరిపోతుందేమో అనిపిస్తుంది గానీ, దేనికి 15 రెట్లు అని అడగాలి కదా. ఆ బుల్లి దిమ్మె లాగిన కాస్త గాలికి. (ఆలోచన కూడా మరీ కొత్తదేం కాదు, జపాన్‌లో తోషిబా వాళ్లు 1981లోనే ఇలాంటి ఫ్యానుకి పేటెంటు తీసుకున్నారు.)

ఊరు మారుతున్న ఒక స్నేహితుడు తన రెక్కలు లేని ఫ్యాను రెండు నెలలు నా దగ్గర వదిలి వెళ్లాడు, కాబట్టి వాడి చూసే చెబుతున్నాను. ఎదురుగా కూర్చుంటే హాయిగానే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కూర్చున్న గదిలో మాత్రం ఎవరికీ పూర్తిగా తగలదు. తక్కువ స్పీడులో దాదాపు చప్పుడే లేదు, పూర్తిగా పెంచితే సన్నగా ఈల వేసినట్టు ఒక కూత మొదలవుతుంది, అది నిద్రపట్టే చప్పుడు కాదు. మామూలు సీలింగ్ ఫ్యాను, అంటే 1200 మిల్లీమీటర్ల రెక్కలున్నది, నిమిషానికి 200 ఘనపు మీటర్లకు పైగా గాలిని కదుపుతుంది. బల్లమీద పెట్టే ఏ ఫ్యానూ, రెక్కలున్నా లేకపోయినా, దాని దరిదాపులకి రాదు.

అయితే దీనివల్ల అస్సలు లాభం లేదనను. గ్రిల్లులో వేళ్లు పెట్టే వయసు పిల్లలుంటే ఆ టెన్షన్ ఉండదు. ఉంగరాన్ని గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, గ్రిల్లు విప్పి ఒక్కో రెక్కా కడిగే పని లేదు. చూడ్డానికి బాగుంటుంది, అది కూడా ఒక కారణమే, అందానికి డబ్బు పెట్టడం తప్పేం కాదు, కాకపోతే గాలికి పెడుతున్నామని మనల్ని మనం నమ్మించుకోకూడదు. గాలి శుభ్రం చేసే ఫిల్టరు కలిపిన రకాలూ ఉన్నాయి, వాటికి ఎప్పటికప్పుడు కొత్త ఫిల్టరు కొంటూనే ఉండాలి.

ఇప్పుడు దీని పక్కన బీఎల్‌డీసీ (అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారు ఉన్న) సీలింగ్ ఫ్యానుని పెట్టి చూడండి. బయటికి ఏ గొప్పా కనిపించదు, మూడు రెక్కలు, మధ్యలో గిన్నె. మారింది లోపలి మోటారు. పాత ఇండక్షన్ మోటారు ఫ్యాను పూర్తి స్పీడులో 75 వాట్ల దాకా తాగితే ఇది 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. తేడా 45 వాట్లు. రోజుకి 12 గంటలు తిరిగితే అర యూనిట్టుకి కొంచెం పైన, ఏడాదంతా అలాగే తిరిగితే 197 యూనిట్లు, ఒక్క ఫ్యానుకి. మీరు యూనిట్టుకి ఎంత కడుతున్నారో దాంతో గుణించుకుంటే, అదనంగా పెట్టిన డబ్బు ఎన్నాళ్లలో తిరిగొస్తుందో మీకే తెలుస్తుంది. పగలూ రాత్రీ తిరిగే గదికి ఇది తేలిగ్గా గిట్టుబాటు అవుతుంది, చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేసే గదికి దండగ. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, ఇల్లంతా ఒకేసారి మార్చేస్తారు.

ఇంకో తేడా తక్కువ స్పీడులో తెలుస్తుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే రెక్కలు తిప్పడానికి కావాల్సిన శక్తి సుమారు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, కానీ పాతకాలం డబ్బా రెగ్యులేటరు ఆ లాభాన్ని మనకి దక్కనివ్వదు, మిగిలిన కరెంటులో చాలా భాగాన్ని వేడిగా మార్చి తగలేస్తుంది (చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉండేది అందుకే). ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు వచ్చాక ఇది కొంత తగ్గింది. బీఎల్‌డీసీ మాత్రం అసలు లాగేదే తక్కువ, ఒకటో నంబరులో కొన్ని వాట్లతోనే తిరుగుతుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా మామూలు ఫ్యానులా నీరసించదు.

దీని బాధలు దీనికీ ఉన్నాయి. మామూలు ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే చాలాసార్లు కండెన్సరు మారిస్తే సరిపోతుంది, అరగంట పని. బీఎల్‌డీసీలో సర్క్యూట్ బోర్డు పోతే ఆ కంపెనీ బోర్డే కావాలి, అది దొరికేదాకా ఉక్కపోత. రిమోటు దిండ్ల కింద మాయమవుతుంది, గోడకున్న పాత రెగ్యులేటరుతో దీన్ని నడపకూడదు. ముఖ్యంగా చూడాల్సింది ఇంకోటి ఉంది, వాట్లు తక్కువని ఒక్కటే చూసి కొనకండి, ఎందుకంటే మెల్లగా తిప్పితే ఏ ఫ్యానైనా తక్కువే తాగుతుంది. పెట్టె మీద గాలి ఎంత ఇస్తుందో కూడా రాసి ఉంటుంది, ఆ అంకెని వాట్లతో భాగించి రెండు మోడళ్లు పోల్చండి. ఫ్యాన్లలో నా మాట ఇది: మోటారు కొత్తదైతే డబ్బు పెడతాను, ఆకారం కొత్తదైతే పెట్టను.

వ్యాక్యూమ్ క్లీనర్ల దగ్గరికొస్తే ఇంత సులువుగా తేలదు. పాత మిషన్లలో దుమ్ము సంచీలో పడేది, సంచీ గుడ్డకున్న సన్నటి రంధ్రాలు పూడుకుపోయేకొద్దీ పీల్చే బలం తగ్గేది. ఆ డైసన్ కంపెనీ పెట్టిన జేమ్స్ డైసన్ ఈ చిరాకుతోనే మొదలుపెట్టి 5,127 నమూనాలు చేశాక, గాలిని సుడి తిప్పి దుమ్ముని పక్కకి విసిరే సైక్లోన్ పద్ధతి కుదిరింది, సొంత పేరుతో డీసీ01 అనే మోడల్‌ని 1993లో అమ్మకానికి పెట్టాడు. నిజమైన సమస్యకి నిజమైన పరిష్కారం, అందులో అనుమానం లేదు. కానీ సంచీ తీసేస్తే దుమ్ము ఎక్కడికి పోతుంది? డబ్బాలో ఉంటుంది, దాన్ని చెత్తబుట్టలో దులిపేది మనమే, దులిపినప్పుడు లేచే సన్న ధూళి పోయేది మన ముక్కులోకే. పైగా సైక్లోన్ తర్వాత కూడా ఒక ఫిల్టరు ఉంటుంది, దాన్ని కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, ఎవరూ కడగరు, ఆర్నెల్లకి మిషన్ సరిగా లాగట్లేదని తిట్టుకుంటారు.

అందుకే ఇంట్లో ఉబ్బసం, డస్ట్ ఎలర్జీ ఉన్నవాళ్లుంటే నేను ఇప్పటికీ సంచీ మిషనే మేలంటాను. ఇప్పటి సంచీలు ఆ పాత కాగితం సంచీలు కావు, పొరలు పొరలుగా ఉండే సింథటిక్ గుడ్డవి, మూతి మూసేసి అలాగే పారేయొచ్చు. హెపా ఫిల్టరు అని రాసి ఉంటే 0.3 మైక్రాన్ల ధూళిని కూడా 99.95 శాతానికి పైగా ఆపుతుందని లెక్క, అయితే మిషన్ అతుకుల్లోంచి గాలి కారుతుంటే ఆ ఫిల్టరు ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

పెద్ద వాట్ల అంకె చూసి మాత్రం పడిపోకండి. యూరోపియన్ యూనియన్ 2014లో వ్యాక్యూములకి 1600 వాట్ల పరిమితి పెట్టింది, 2017లో దాన్ని 900 కన్నా కిందికి దించింది, అయినా అక్కడివాళ్ల ఇళ్లేం మురికిగా మారిపోలేదు, ఎందుకంటే శుభ్రతలో సగం పని బ్రష్షుదీ గాలి దారిదీ. అక్కడి ఎనర్జీ లేబుల్ పరీక్షలు ఖాళీ మిషన్లతో చేస్తున్నారని డైసన్ కోర్టుకెళ్తే 2018లో ఆ లేబుల్ నిబంధనలే కొట్టేశారు. ఖాళీ మిషన్ ఎవరిదైనా బాగానే లాగుతుంది మరి.

వైరు లేని పొడుగు కర్ర వ్యాక్యూములు నాకు ఇష్టమే, కానీ ఒకదాంతో చేతులు కాల్చుకున్నాను. మొదటి ఏడాది బంగారం. రెండో ఏడాది చివరికి బ్యాటరీ సగం గదికే చేతులెత్తేసింది, కొత్తది కొందామంటే ఆ మోడలు ఆపేశామన్నారు. మిషన్ నిక్షేపంగా ఉంది, అటక మీద. లిథియం బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తర్వాత నీరసించడం మామూలే, దానికి కోపం లేదు, మార్చుకోడానికి వీల్లేకుండా చేయడానికే కోపం. ఫుల్ పవర్‌లో పెడితే కొత్త బ్యాటరీ కూడా చాలా మోడళ్లలో పావుగంట రాదు, పెట్టె మీద రాసిన 60 నిమిషాలు అన్నిటికన్నా తక్కువ పవర్‌లో కొలిచినవి. చిన్న ఇల్లు, గట్టి నేల, రోజూ కాస్త ఊడ్చే అలవాటు ఉంటే కొనొచ్చు. పెద్ద తివాచీలుంటే వైరు మిషన్ సగం డబ్బుకే రెట్టింపు పని చేస్తుంది.

రోబో వ్యాక్యూములు 2001, 2002ల నుంచీ ఉన్నాయి, మొదట ఎలక్ట్రోలక్స్ ట్రైలోబైట్, వెనకే రూంబా. ఇప్పటివి లేజరుతో గది పటం గీసుకుని తిరుగుతాయి. నేల మీద ఏమీ లేని ఇంటికి భేషుగ్గా పనికొస్తాయి. చార్జరు వైర్లు, సాక్సులు, ఆటబొమ్మలు పడి ఉండే ఇంట్లో అది ఊడ్చేముందు మనం ఊడవాలి, ఆపైన దాని బ్రష్షుకి చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో కోయాలి.

అసలు మీది టైల్సో బండలో అయితే నేలకి చీపురూ తడిగుడ్డా చాలు. వ్యాక్యూమ్ అవసరమయ్యేది సోఫా, పరుపు, కర్టెన్లు, మంచం కిందికి, వాటికి ఒక మామూలు సంచీ మిషన్, మంచి సన్న మూతి సరిపోతాయి.

ఇంత చదివాక కూడా ఆ ఉంగరం ఫ్యానే కావాలనిపిస్తే కొనండి, కాకపోతే షాపులో ఫుల్ స్పీడులో పెట్టించి, పక్కన నిలబడి ఎవరితోనైనా ఐదు నిమిషాలు ఫోన్ మాట్లాడి చూడండి. వ్యాక్యూమ్ అయితే మిషన్ ధర అడిగే ముందే బ్యాటరీ ఎంత, ఫిల్టరు ఎంత, విడిగా ఇస్తారా అని అడగండి, అమ్మేవాళ్లు నీళ్లు నమిలితే పక్క మోడలు చూసుకోండి.