తాగని బావతో డబ్లిన్ పబ్బుల్లో నాలుగు రోజులు

మా మేనత్త కొడుకు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఉంటాడు, వెళ్ళి ఆరేళ్ళయింది. మందు ముట్టడు, గుడ్డు కూడా తినడు. అలాంటి బావని వెంటేసుకుని మొన్న జూన్‌లో నాలుగు రోజులు అక్కడి పబ్బులన్నీ తిరిగొచ్చాను. వచ్చాక ఈ మాట చెబితే అత్తయ్య నమ్మలేదు, "వాడు పబ్బులో ఏం చేశాడ్రా" అని రెండుసార్లు అడిగింది. కూర్చున్నాడు, అంతే. అక్కడ పబ్బంటే ముందు కూర్చోవడం, కబుర్లు చెప్పుకోవడం. తాగడం తర్వాతి సంగతి. ఈ ముక్క నాకు అర్థం కావడానికి రెండు రోజులు, కొంచెం ఎక్కువే డబ్బులు పట్టాయి.

బావ నలుగురితో పంచుకుంటున్న ఇంట్లో నాకు చాప వేసుకునే జాగా కూడా లేదు (ఆ ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో అక్కడున్న ఏ తెలుగువాళ్ళని అడిగినా గంట చెబుతారు). అందుకని మొదటి రెండు రాత్రులకి టెంపుల్ బార్ అనే పబ్బుల పేట పక్కనే హోటల్ తీసుకున్నాను, అన్నిటికీ నడిచి వెళ్ళొచ్చు కదా అని. గదిలోకి వెళ్ళగానే దిండు పక్కన చిన్న గిన్నెలో చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ కనిపించాయి. ఎంత మర్యాద అనుకున్నాను. అది మర్యాద కాదు, హెచ్చరిక అని రాత్రి ఒంటిగంటకి తెలిసింది, కిటికీ కింద ఓ ఇరవై మంది ఒకే పాటని నాలుగు రకాల శ్రుతుల్లో పాడుతుంటే. పొద్దున రిసెప్షన్‌లో వెనకవైపు గది ఇవ్వమంటే ఇస్తామన్నారు, రాత్రికి ఇంత అదనం అన్నారు. నేనేం మాట్లాడలేదు, బుద్ధొచ్చింది.

టెంపుల్ బార్ గురించి ఒక్కమాటలో తేల్చేస్తాను. లిఫీ నదికి దక్షిణం ఒడ్డున రాళ్ళు పరిచిన సన్నటి వీధులు, చూడ్డానికి బాగానే ఉంటాయి, ఉదయం పదకొండింటికి వెళ్ళి ఫొటోలు తీసుకుని వచ్చేయండి. రాత్రి అక్కడ ఒక పబ్బులో నేను ఒక్క పైంట్ గిన్నిస్‌కి (వాళ్ళ నల్లటి బీరు) దాదాపు పది యూరోలు ఇచ్చాను. మర్నాడు పది నిమిషాలు నడిచి వెళ్తే అదే గిన్నిస్, అదే 568 మిల్లీలీటర్లు, ఆరున్నర లోపే వచ్చింది. పైగా పక్కవాడి మాట వినపడింది.

ఆ రెండో పబ్బు సౌత్ యాన్ స్ట్రీట్‌లోని కీహోస్. గ్రాఫ్టన్ స్ట్రీట్ షాపింగ్ రద్దీకి రెండడుగుల దూరం, లోపలికి వెళ్తే మాత్రం వేరే కాలం. కౌంటర్ వెనక గోడకి పాత చెక్క సొరుగులు వరసగా ఉంటాయి. ఒకప్పుడు ఐర్లండ్‌లో పచారీ కొట్టూ మద్యం దుకాణమూ ఒకటే, టీ పొడి, బియ్యం, మసాలా దినుసులు ఈ సొరుగుల్లో ఉండేవి. సరుకులకి వచ్చినవాడు ఓ గ్లాసు తాగి వెళ్ళేవాడు, లేదా తాగడానికి వచ్చినవాడు సరుకుల మిషతో వచ్చేవాడు. తలుపు పక్కన చెక్కతో కట్టిన చిన్న గది ఉంటుంది, స్నగ్ అంటారు. ఆడవాళ్ళు పబ్బులో కనపడకూడని రోజుల్లో వాళ్ళు ఇందులో కూర్చునేవారట. ఇప్పుడు దానికోసం అందరూ పోటీ. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే మాకు దొరికింది.

గిన్నిస్ పోయడం దగ్గర నుంచి చూడండి. గ్లాసు వంచి ముప్పావు వంతు నింపి పక్కన పెట్టేస్తాడు. మనం డబ్బులిచ్చి చెయ్యి చాపుతాం, అతను ఇవ్వడు. అది గోధుమరంగులో సుళ్ళు తిరుగుతూ ఉంటుంది, విచిత్రంగా బుడగలు గ్లాసు అంచుల వెంట పైకి కాకుండా కిందకి దిగుతూ కనిపిస్తాయి (మధ్యలోంచి పైకి లేచిన ద్రవం అంచుల వెంట కిందకి దిగుతూ వాటిని లాక్కొస్తుంది). నెమ్మదిగా అడుగు నుంచి నలుపు పేరుకుంటూ వస్తుంది, అప్పుడు మిగతాది నింపుతాడు. మొత్తం 119.5 సెకన్లు అని కంపెనీ లెక్క. ఆ అర సెకను సంగతి వాళ్ళకే తెలియాలి. మొదటిసారి నేను సగంలో గ్లాసు అందుకోబోతే బార్‌మన్ ఏమీ అనకుండా ఓ వేలు ఎత్తి ఆపాడు, హెడ్మాస్టర్ లాగా.

బావ ఆల్కహాల్ లేని గిన్నిస్ 0.0 తాగాడు. గుడ్డు కూడా తినని మనిషి గిన్నిస్ ముట్టుకోవడానికీ ఓ కథ ఉంది. ఇదివరకు గిన్నిస్‌ని తేర్చడానికి చేపల పొట్టలోంచి తీసిన ఒక పదార్థం వాడేవారు, 2017 నుంచి పబ్బుల్లో పోసే గిన్నిస్‌కి అది మానేశారు. ఈ సంగతి బావే చెప్పాడు. తాగని మనిషికి ఇంత పరిశోధన ఎందుకయ్యా అంటే, "ఆఫీసు వాళ్ళు ప్రతి శుక్రవారం పిలుస్తారు, తెలుసుకోకపోతే ఎలా" అన్నాడు.

శాకాహారులకి తిండి సంగతి: పబ్బుల్లో కష్టమే కానీ ఆకలితో ఉండరు. సౌత్ విలియం స్ట్రీట్‌లో గ్రోగన్స్ అని ఉంది, అక్కడ టోస్టీయే (కాల్చిన శాండ్‌విచ్) పేరున్న వంటకం, లోపల చీజ్, పక్కన ఘాటైన ఆవాల ముద్ద, అంతకుమించి పెద్దగా మెనూ లేదు. బావ వట్టి చీజ్‌దే అడిగి తిన్నాడు. సంగీతం లేదు, టీవీ లేదు, గోడల మీద స్థానిక చిత్రకారుల బొమ్మలు. నిజంగా భోజనం కావాలంటే నదికి ఉత్తరాన కేపెల్ స్ట్రీట్‌కి వెళ్ళండి, 2022 మే నుంచి అందులోకి కార్లు రానివ్వడం లేదు, కొరియన్, వియత్నామీస్, చైనీస్ హోటళ్ళన్నీ బల్లలు వీధిలోకి జరిపి కూర్చోబెడుతున్నాయి. మేము టోఫూ వేసిన అన్నం తిన్నాం, కారం సరిపోయింది. పబ్బుల్లోనే తిందామంటే త్వరగా వెళ్ళాలి, చాలాచోట్ల రాత్రి తొమ్మిదికల్లా వంటగది కట్టేస్తారు. ఆ తర్వాత చిప్స్ ప్యాకెట్టే దిక్కు. ఆ ప్యాకెట్ తెరిచే పద్ధతి కూడా నాకు నచ్చింది. నెత్తి మీద కాకుండా పక్కనించి మొత్తం చింపి విస్తరాకులా బల్ల మధ్యలో పరుస్తారు, ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు.

సంగీతం కోసమైతే స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పబ్బుకి వెళ్ళాలి. "మ్యూజిక్ సమస్య ఉన్న తాగుడు పబ్బు" అని వాళ్ళే చెప్పుకుంటారు. స్టేజీ, మైకు లేవు. తలుపు దగ్గర మూల బల్ల చుట్టూ ఫిడేలు, ఫ్లూటు, కన్సర్టీనా (చేతుల్లో పట్టే చిన్న హార్మోనియం లాంటిది) పట్టుకుని మనుషులు వస్తారు, వీపులు మనవైపు పెట్టి వాళ్ళలో వాళ్ళు వాయించుకుంటారు. 2021లో దాని చుట్టూ హోటల్ కడతామంటే జనం వాయిద్యాలతో సహా వీధుల్లోకి వచ్చారు, నగరపాలక సంస్థ అనుమతి నిరాకరించింది. ఆ రాత్రి నేను పరువు పోగొట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన మాటల్లో పడి నాకో పైంట్ ఇప్పించాడు. ఎంత మంచి మనిషి అనుకుని తాగేసి, దండం పెట్టి బయటికి వచ్చేశాను. వీధిలోకి వచ్చాక బావ ఆగిపోయాడు. "ఒరేయ్, ఆయన ఇప్పించాక నువ్వు ఇప్పించాలి. అది రౌండ్. ఎగ్గొట్టి వచ్చేశావు." వెనక్కి పరిగెత్తాను. ఆయన అప్పటికే చివరి గుక్కలో ఉన్నాడు, నన్ను చూసి నవ్వాడు, గ్లాసు కాస్త పక్కకి జరిపాడు. అదనంగా టిప్పు అక్కర్లేదు కౌంటర్ దగ్గర, కానీ రౌండ్ మాత్రం అప్పు లాంటిది.

మూడో రోజు డ్రమ్‌కోండ్రాలో ఒక ఇంటివాళ్ళు నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి మారాను. గది చిన్నది, మెట్లు కిర్రుమంటాయి, వేడినీళ్ళు రావడానికి కాస్త ఆగాలి. అయినా మారే ముందు వరకూ నిద్రపోలేదని నిద్రపోయాకే తెలిసింది. లీప్ కార్డ్ అనే ప్రయాణ కార్డు తీసుకుంటే రెండు యూరోలకి తొంభై నిమిషాలు బస్సులు, ట్రాములు మారొచ్చు, సెంటర్‌లో ఉండి తీరాల్సిన పనే లేదు.

అక్కడికి దగ్గర్లోనే గ్లాస్నెవిన్ శ్మశానం, దాని పాత గేటుకి ఆనుకుని జాన్ కవనాస్, 1833 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న పబ్బు. ఊళ్ళో అందరూ గ్రేవ్‌డిగ్గర్స్ అనే అంటారు, గోతులు తవ్వేవాళ్ళు పని మధ్యలో గోడ తట్టి పైంట్ చెప్పేవారని కథ. నాలుగు రోజుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. అరిగిపోయిన చెక్క నేల, పాటలు లేవు, టీవీ లేదు. ఖనన కార్యక్రమం నుంచి నల్లకోట్లతో వచ్చిన ఓ పది మంది మూలన కూర్చుని పోయినాయన గురించి చెప్పుకుని నవ్వుతున్నారు, మధ్యలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ నవ్వుతోంది. పక్క బల్ల దగ్గర చిన్నపిల్లాడు నారింజ రసం తాగుతున్నాడు. (పిల్లల్ని పెద్దవాళ్ళతో రాత్రి తొమ్మిది దాకా, మే నుంచి సెప్టెంబరు వరకైతే పది దాకా ఉండనిస్తారు.) నేను కాడిల్ తిన్నాను, పంది మాంసం సాసేజీలు, ఆలుగడ్డ, ఉల్లిపాయ వేసి ఉడికించిన పలచటి పులుసు. రంగు చూస్తే తినబుద్ధి కాదు, ఉప్పు సరిగ్గా ఉంది, గిన్నె ఖాళీ చేశాను.

సరిగ్గా అప్పుడే బావకి అత్తయ్య ఫోన్. అక్కడ మధ్యాహ్నం మూడున్నర, ఇక్కడ ఇండియాలో రాత్రి ఎనిమిది. "ఎక్కడున్నార్రా ఇద్దరూ" అని స్పీకర్‌లో గట్టిగా వినపడింది. బావ ఎదురుగా ఉన్న నల్లటి గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"శ్మశానం పక్కన ఉన్నాం అమ్మా" అన్నాడు.