ఎం.ఆర్.కె.హెచ్. ఉన్నవారికి ఈ సిలికాన్ డైలేటర్ల సెట్ ఎంతవరకు పనికొస్తుంది?

నాకు ఎం.ఆర్.కె.హెచ్. సిండ్రోమ్ ఉంది. పుట్టుకతోనే గర్భాశయం, యోని పైభాగం ఏర్పడకపోవడం దీని లక్షణం. ఇది సుమారు 5,000 మంది స్త్రీలలో ఒకరికి ఉంటుంది. అండాశయాలు సక్రమంగానే పనిచేస్తాయి కాబట్టి శరీరంలో మిగతా మార్పులన్నీ మామూలుగానే వస్తాయి, నెలసరి ఒక్కటే రాదు. కొందరికి ఒకే మూత్రపిండం ఉండే అవకాశమూ ఉంది కనుక, డైలేటర్ల (యోనిని మెల్లగా సాగదీయడానికి వాడే కడ్డీల్లాంటి సాధనాల) గురించి ఆలోచించే ముందే కడుపు స్కానింగ్ చేయించుకోవడం మంచిది.

నా ఇరవయ్యేడో ఏట, పెళ్లి కుదిరాక, ఆపరేషన్ కన్నా ముందు డైలేటర్లతో ప్రయత్నించమని మా గైనకాలజిస్టు చెప్పడంతో ఆన్‌లైన్‌లో అయిదు సైజుల సెట్ తెప్పించుకున్నాను. డబ్బా మీద వస్తువు పేరు రాయకుండా పంపారు. నలుగురున్న ఇంట్లో అదెంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

అసలు ఇబ్బంది ఆ తరువాత మొదలైంది. 1938లో ఫ్రాంక్ అనే వైద్యుడు వివరించిన పద్ధతిలో, ఉన్న కొద్దిపాటి పల్లం మీద గట్టి డైలేటర్‌తో రోజూ కొంతసేపు ఒత్తిడి పెడుతూ, నెలల తరబడి లోతు పెంచుకుంటూ రావాలి. ఈ సెట్ మాత్రం వెజినిస్మస్ ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది. వారికి దారి ఉంటుంది, కానీ యోని చుట్టూ ఉన్న కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. అందుకే సైజులన్నీ లావును బట్టి పెరుగుతూ పోతాయి. మాకు లోతే లేదు. మెత్తని సిలికాన్ ఒత్తిన ప్రతిసారీ పక్కకు వంగిపోతుంటే, లోపం నా చేతిలోనే ఉందనుకుని మూడు వారాలు బాధపడ్డాను. చివరికి ఫిజియోథెరపిస్టు చూసి, గట్టి ప్లాస్టిక్‌తో చేసినది వాడమని చెప్పి, ఏ కోణంలో, ఎంత ఒత్తిడి పెట్టాలో దగ్గరుండి నేర్పారు. నొప్పి వస్తే ఆపేయాలన్నది కూడా ఆమె చెబితేనే తెలిసింది, ఎందుకంటే సెట్‌తో వచ్చిన కాగితం ఇంగ్లీషులోనే ఉంది, అందులో మా పరిస్థితి ప్రస్తావనే లేదు.

అయినా ఈ సెట్‌ను నేను పారేయలేదు. లోతు వచ్చాక దాన్ని నిలుపుకోవడానికి ఈ మెత్తదనమే హాయిగా ఉంది. నీటితో చేసిన జెల్ మాత్రమే వాడాలి, సిలికాన్ జెల్ తగిలితే పైపొర పాడవుతుంది. రెండో సైజుకూ మూడో సైజుకూ మధ్య తేడా మరీ ఎక్కువ. వెజినిస్మస్ ఉన్నవారికైతే నాలుగు నక్షత్రాలు ఇవ్వవచ్చు. మొదటి రోజు నుంచే దీనితో మొదలుపెట్టాలనుకునే నాలాంటివారికి రెండే.