ఆర్‌ఎక్స్ 100కు "ఫుల్ ఇంజన్" చేయించేటోళ్లు జర ఆగి ఇది చదువుండ్రి

షాపు మీకందరికీ ఎరికే. రీల్స్‌ల సైలెన్సర్ సప్పుడు వినిపిచ్చుకుంట, పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకులు "షోరూం కండిషన్" చేసి ఇస్తా అంటడు కదా, ఆయననే. పేరు రాయను. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు ఈ బండ్లు తోలేటోళ్లకు రాయాల్సిన పని కూడ లేదు. ఫుల్ ఇంజన్ (ఇంజన్ మొత్తం ఇప్పి అరిగినవి మార్చుడు) అని నాకు ఇచ్చిన బండి, 24,800 బిల్లు, తిప్పర్తి దాటినంక మాడ్గులపల్లి రాకముందే ఇంజన్ తిరగకుండ పట్టేసింది. వేరే దగ్గర మొత్తం ఇప్పిస్తే లోపల కథ బయటపడ్డది. రీల్స్‌ల సప్పుడు విని అడ్వాన్స్ కొట్టే బుద్ధి మనకు ఎన్నడు పోతదో.

బిల్లు అయితే మంచిగ కంప్యూటర్‌ల కొట్టిచ్చి ఇచ్చిండు. బ్లాక్ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్‌ను కోసి సాపు చేసుడు), 0.25 ఓవర్‌సైజ్ పిస్టన్ కిట్ (0.25 మి.మీ. పెద్దది), కనెక్టింగ్ రాడ్ కిట్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ), క్రాంక్ (పిస్టన్ ఊపుకు తిరిగే ఇరుసు) బేరింగులు రెండు, సీల్ సెట్, గ్యాస్కెట్ సెట్, క్లచ్ ప్లేట్లు, కార్బరేటర్ సర్వీసు, లేబర్. చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధయితది, ఎందుకంటే ఆర్‌ఎక్స్‌కు పెద్ద సర్వీసు అంటే నిజంగ చేయాల్సిన వరుస ఇదే. 98 సీసీ, సిలిండర్ వెడల్పు (బోరు) 50 మి.మీ., పిస్టన్ పైకి కిందికి పోయే దూరం (స్ట్రోకు) 50 మి.మీ. టూ స్ట్రోక్ కాబట్టి తల మీద వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. అరిగేవి కొన్నే. ఆ కొన్నిట్ల ఒక్కటి వదిలేసినా మిగతా పైసలన్నీ నీళ్లల్ల పోసినట్టే.

వదిలేసింది ఏందో చెప్తా. టూ స్ట్రోక్‌ల క్రాంక్‌కేస్ ఊకె క్రాంక్‌ను మోసే డబ్బా కాదు. పిస్టన్ పైకి పోయేటప్పుడు రీడ్ వాల్వ్ (లోపలికే తెరుచుకునే సన్న రేకు) మీదుగ పెట్రోల్, గాలి లోపలికి గుంజేది అదే, కిందికి వచ్చేటప్పుడు ఆ మిశ్రమాన్ని ఒత్తి బ్లాక్‌లకు తోసేది అదే. అందుకే అది గాలి దూరకుండ బిగుసుగ ఉండాలె. ఆ పని చేసేటివి క్రాంక్‌కు రెండు దిక్కుల ఉన్న ఆయిల్ సీళ్లు. ఎడమ దిక్కుది మాగ్నెట్ (కరెంటు పుట్టిచ్చే చక్రం) వెనుక ఉంటది, కుడి దిక్కుది క్లచ్ కవర్ లోపల ప్రైమరీ గేర్ వెనుక ఉంటది.

కుడి సీలు పోతే గేర్ ఆయిల్ క్రాంక్‌లకు గుంజుకొని కాలుతది. తెల్లటి పొగ ఆగకుండ వస్తది, కింద ఒక్క చుక్క కారకున్నా 650 మి.లీ. గేర్ ఆయిల్ మెల్లగ తగ్గిపోతది. ఇది జర నయం, కండ్లకు కనబడుతది. ఎడమది అట్ల కాదు. అది పోతే బయటి ఉత్త గాలి లోపలికి దూరుతది. ఆ గాలికి పెట్రోల్ లేదు, 2టీ ఆయిల్ (పెట్రోల్‌తోని కలిసి కాలే టూ స్ట్రోక్ ఆయిల్) లేదు. మిశ్రమం పల్చబడ్డది అంటే మంట వేడి పెరిగినట్టు, పిస్టన్ ఉబ్బినట్టు. పొగ రాదు, కారదు. పైగా బండి మామూలు కంటే చురుకుగ లేస్తున్నట్టు అనిపిస్తది. రెండు గుర్తులు మాత్రం ఉంటయి: ఎక్సలేటర్ వదిలినంక ఇంజన్ సప్పుడు వెంటనే దిగదు, కొంచెంసేపు అట్లనే ఎత్తుల నిలబడి అప్పుడు దిగుతది. ప్లగ్గు ఇప్పితే తేనె రంగుల ఉండాల్సింది సున్నం తెలుపుల ఉంటది.

ఈ రెండు గుర్తులు మొదటి రోజు నుంచే ఉండె. ఫోన్ చేసి చెప్తే "కొత్త పిస్టన్ కదా అన్నా, ఫ్రీ అయ్యేదాక గట్లనే ఉంటది, ట్యాంకుల ఆయిల్ జర ఎక్కువ పొయ్యి" అన్నడు. ఇది ఎంత ఉల్టా సలహానో చూడుండ్రి. అదే జెట్టుల (కార్బరేటర్ల సన్న రంధ్రం) నుంచి పోయే దాంట్ల ఆయిల్ పాలు పెంచితే పెట్రోల్ పాలు తగ్గుతది. గాలికి పెట్రోల్ ఇంక తక్కువైతది, పల్చగ ఉన్నది ఇంకింత పల్చగైతది. గాలి లీకుకు ఆయిల్ మందు కానే కాదు.

ఇగ ఇంజన్ ఇప్పిన సంగతి. పిస్టన్ మీద ఎగ్జాస్ట్ (సైలెన్సర్) దిక్కు వెడల్పుగ రాసుకపోయింది, అల్యూమినియం కరిగి బోరు గోడకు అంటుకున్నది. పల్చటి మిశ్రమంతోని పట్టేసిన పిస్టన్ ఇట్లనే ఉంటది. పిస్టన్ గ్యాప్ తక్కువ పెట్టి, ఇంజన్ వేడెక్కకముందే గట్టిగ గుంజితే చుట్టూ నాలుగు దిక్కుల నిలువు చారలు పడ్తయి. అంటే తోలుడుల తప్పు కాదని పిస్టనే చెప్తున్నది.

దాని కిందికి పోతే క్రాంక్‌కేస్. రెండు సగాల మధ్య అతుకు పొడుగున ఎర్ర సిలికాన్ మెరుస్తున్నది. బయటి నుంచి చూసేటోడు ఇంజన్ విడగొట్టి కొత్తగ అతికిచ్చిండనే అనుకుంటడు. గోరు పెట్టి గీకితే పొడుగ్గ ఊడొచ్చింది. దాని కింద ఏండ్ల నాటి నల్ల జిడ్డు. జిడ్డు తుడవకుండ దాని మీదనే పూసిండు. కేస్ స్క్రూల తలలల్ల మట్టి గడ్డకట్టి ఉన్నది, స్క్రూడ్రైవర్ మొన దిగిన గుర్తు ఒక్కదాని మీద కూడ లేదు. ఆ స్క్రూలు ఇప్పకుండ కేసు విడిపోదు, కేసు విడిపోకుండ క్రాంక్ బయటికి రాదు, క్రాంక్ బయటికి రాకుండ కనెక్టింగ్ రాడ్ కిట్ పడదు, బేరింగులు మారవు. బిల్లుల ఈ రెండిటికే తొమ్మిది వేల పైచిలుకు తీసుకున్నడు! మాగ్నెట్ గుంజి చూస్తే ఎడమ సీలు పాతదే, పెదవి పాత చెప్పు తోలు లెక్క గట్టిపడి నెర్రెలిచ్చింది, లోపలి స్ప్రింగు తుప్పు పట్టి తెగింది.

ఫొటోలు పంపి ఫోన్ చేస్తే ఏమన్నడో ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

"సీల్ సెట్ అంటే సీల్ సెట్టే అన్నా. కిక్ షాఫ్ట్‌ది మార్చిన, గేర్ షాఫ్ట్‌ది మార్చిన. క్రాంక్ సీలు అని బిల్లుల ఉన్నదా?"

నిజమే, లేదు. బయటికి కనబడే చిన్న సీళ్లు రెండు కొత్తవి వేసిండు. మరి కనెక్టింగ్ రాడ్ కిట్ సంగతేంది?

"రాడ్ మంచిగనే ఉండె. ఆ పైసలు వేరే పనులకు సర్దిన. పాత బండి అన్నా, దీన్ల అన్ని లెక్కలు ఉండయి. ఆర్‌ఎక్స్ తోలుడు అందరితోని అయ్యే పని కాదు, నువ్వు ఒక యాక్టివా తీసుకో."

యాక్టివా తీసుకోవాల్నంట. సీలు మార్చకుండ సిలికాన్ పూసినోడు తోలుడు గురించి పాఠం చెప్తున్నడు. పైసలు పోతే మళ్ల సంపాయించుకుంటం, ఈ మాట మాత్రం అరుగుతలేదు.

సరే, రాడ్ "మంచిగనే" ఉన్నదా? బ్లాక్ తీసినంక ఎవరైనా చూడొచ్చు, కేసు ఇప్పే పని లేదు. రాడ్ పై కొసను పట్టుకొని పక్కలకు ఊపాలె. ఆ ఊపు 2 మి.మీ. దాటితే కింది బేరింగు అరిగినట్టే. తర్వాత రాడ్‌ను నిలువుగ పట్టుకొని పైకి కిందికి లాగాలె, అక్కడ టిక్కుమని కొంచెం కూడ కొట్టొద్దు. ఈ బండిల రెండూ ఉన్నయి. కేసు విడగొట్టినంక ఎడమ బేరింగు గుండ్ల మీద తుప్పు గుంటలు కనబడ్డయి. తక్కువ తిరిగిన బండి అని సంబరపడేటోళ్లకు ఇది చెప్పాలె. 1996ల ఆగిపోయిన మాడల్ ఇది. చిట్టచివరి బండిల రబ్బరు సుత ఇప్పుడు ముప్పై ఏండ్లది. సీలు కిలోమీటర్లతోని గట్టిపడదు, ఏండ్లతోని గట్టిపడ్తది. షెడ్డుల నిలబెట్టిన బండిల క్రాంక్‌కేస్ అడుగున తడి పేరుకొని బేరింగులను తింటది. మీటరుల పద్దెనిమిది వేల కిలోమీటర్లే చూపిస్తున్నా క్రాంక్ సీళ్లు, బేరింగులు మార్చుడే.

బోరు కొట్టిచ్చిండు, అది ఒప్పుకోవాలె. కానీ సగం పనే. కొత్తగ బోరు కొడితే బ్లాక్ లోపల పోర్టుల (మిశ్రమం, పొగ పోయే కిటికీల) అంచులు బ్లేడు పదును తేల్తయి. వాటిని చిన్న రాయితోనో ఫైలుతోనో అర మి.మీ. లోపల గుండ్రంగ కొట్టాలె, తర్వాత హోనింగ్ (బోరు గోడను రాయితోని సన్నగ గీసుడు) చేసి, సబ్బు నీళ్లతోని కడిగి, తెల్ల బట్టకు మసి అంటకుండ తుడవాలె. ఇక్కడ అంచులు కొట్టనే లేదు. రింగులు పోర్టు దాటిన ప్రతిసారి ఆ పదునుకు గీసుకుంటయి, రింగు మీద నిలువు గీతలే సాక్ష్యం. పట్టేసిన బోరుల గ్యాప్ కొలిచి ఒకరిని అనుడు న్యాయం కాదు కాబట్టి ఆ లెక్క వదిలేస్తున్న. మీరు చేయించేటప్పుడు మాత్రం పిస్టన్ చేతికి ఇచ్చినంకనే బోరు కొట్టమనుండ్రి. పిస్టన్‌ను స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) కింది అంచుకు దాదాపు 10 మి.మీ. పైన, పిన్నుకు అడ్డంగ, మైక్రోమీటర్‌తోని కొలిచి, దానికి 0.04 మి.మీ. దగ్గర గ్యాప్ వచ్చేటట్టు కొట్టాలె. "0.25 పిస్టన్ కదా, 50.25 కొట్టేస్తా" అనే లేత్ షాపు నుంచి బ్లాక్ తీసుకొని వచ్చేయుండ్రి. లోకల్ పిస్టన్‌లు డబ్బా మీద రాసినంత ఉండయి.

కనెక్టింగ్ రాడ్ కిట్ సుత్తెతోని అయ్యే పని కాదు. క్రాంక్ రెండు ముక్కలు, పిన్ను ప్రెస్ మీద దింపి మళ్ల ప్రెస్ మీదనే ఎక్కియ్యాలె. తర్వాత రెండు కొసలు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తోని తిప్పి చూడాలె. వంకర 0.03 మి.మీ. దాటొద్దు. దాటితే బండి వణుకుతది, కొత్త సీళ్ల పెదవులు తొందరగ పోతయి. ముల్లు తిరుగుతుంటే ఫోన్‌ల వీడియో తీయించుకోండ్రి. బేరింగుల మీద కంపెనీ పేరుతోపాటు సీ3 (లోపల గ్యాప్ ఎక్కువ ఉన్న రకం) అని కొట్టి ఉండాలె. వేడికి లోపలి గ్యాప్ తగ్గుతది, మామూలు బేరింగు బిగుసుకపోతది.

అన్నిటికంటే ముఖ్యం లీక్ టెస్ట్. పెద్ద మిషన్ అక్కర్లేదు, గుండ్రటి డయల్ ఉన్న పాత బీపీ మిషన్ చాలు. ఎగ్జాస్ట్ పోర్టుకు రబ్బరు ముక్క పెట్టి ప్లేటు బిగించాలె, కార్బరేటర్ తీసి ఆ రబ్బరు జాయింటుకు బిరడా కొట్టాలె. పాత ప్లగ్గు లోపలిదంత కొట్టేసి దానికి బీపీ మిషన్ పైపు అతికిచ్చి హెడ్‌కు బిగించి, పిస్టన్‌ను కిందికి దింపి గాలి కొట్టాలె. బీపీ డయల్ మీద 300 దగ్గర ఆపాలె, అది టైరు గాలి లెక్కల దాదాపు 6 పీఎస్‌ఐ. అంతకు మించి కొట్టొద్దు, సీలు పెదవి తిరగబడ్తది. ఆరు నిమిషాలు ముల్లు నిలబడాలె. దిగుతున్నదంటే మాగ్నెట్ వెనుక, బ్లాక్ కింద గ్యాస్కెట్‌కు, కేస్ అతుకుకు సబ్బు నురుగు పూసి చూడుండ్రి, కార్బరేటర్ రబ్బరు జాయింటుకు కూడ. ఇప్పుడు దొరికే ఇథనాల్ పెట్రోల్ కోసం చేసిన రబ్బరు కాదు అది. ఎక్కడా బుడగ రాకుంటే గేర్ ఆయిల్ పోసే బిరడా ఇప్పి అక్కడ నురుగు పెట్టుండ్రి, కుడి సీలు దొంగతనం అక్కడ దొరుకుతది. డెలివరీ తీసుకునేటప్పుడు ఈ టెస్ట్ నా ముందట చేయి అంటే చాలు. చేయనన్నడంటే బ్యాలెన్స్ పైసలు ఇయ్యకుండ్రి.

ఇంకొన్ని. పాత పార్టులు సంచిల వేసి చేతికి ఇయ్యమని ముందే చెప్పాలె, పాత రాడ్ లేదంటే కొత్త రాడ్ పడలేదన్నట్టే. బిల్లుల "సీల్ సెట్" అని రాయనియ్యొద్దు, "క్రాంక్ సీల్ ఎడమ, క్రాంక్ సీల్ కుడి" అని విడివిడిగ రాయించుకోవాలె. 1L1తోని మొదలయ్యే ఇంజన్ నంబరు ఫొటో తీసినంకనే బండి వదలాలె. పిస్టన్ పిన్ను జారకుండ పట్టే సర్క్లిప్పులు పాతవి మళ్ల వాడనియ్యొద్దు. ఆటోల్యూబ్ (2టీ ఆయిల్‌ను దానంతటదే పంపే) పంపుల గాలి బుడగలు తీసిండా లేదా అడగాలె. మొదటి ట్యాంకుకు పంపు నడుస్తున్నా లీటరుకు 20 మి.లీ. 2టీ కలుపుకోవాలె.

బ్లాక్ ఇప్పుడు 0.50 ఓవర్‌సైజ్‌కు పోయింది. ఈ నెలల నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ల ఫిర్యాదు వేస్తున్న. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేండ్ల గడువు ఉంటది, ముందు 1915కు (వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే ఎట్ల వేయాల్నో చెప్తరు. అదే షాపుల "కనెక్టింగ్ రాడ్ కిట్" అని బిల్లు కట్టినోళ్లు ఇంక ఉన్నరని నాకు తెల్సు. ఎడమ కవర్ ఇప్పి కేస్ స్క్రూల తలలు ఒక్కసారి చూస్కోండ్రి. మట్టి ఉంటే ఫొటో తీసి, బిల్లుతోపాటు నాకు పంపుండ్రి, ఫిర్యాదుకు జోడిస్తా.