పెళ్లి షూట్లకి ఏ ఫుల్ ఫ్రేమ్ మేలు: సోనీ ఏ7 ఫోర్, కెనాన్ ఆర్6 మార్క్ టూ, నికాన్ జెడ్6 త్రీ

పెళ్లిళ్లు తీసేవాళ్లు ఫుల్ ఫ్రేమ్ కెమెరా (35 ఎంఎం ఫిల్మంత పెద్ద సెన్సరున్నది) కొనాలనుకోగానే మెగాపిక్సెల్స్ లెక్కలేస్తారు. నన్నడిగితే ముందు తలంబ్రాల గురించి ఆలోచించండి. మండపం చుట్టూ చుట్టాలే, వెనక్కి ఒక్క అడుగు వేసే చోటుండదు. 24 ఎంఎం లెన్సుతో వధూవరులిద్దరినీ ఎలాగోలా ఫ్రేమ్‌లో పట్టించి, స్లో మోషన్ కోసం 4కె 60కి, అంటే సెకనుకి 60 ఫ్రేముల 4కె వీడియోకి మార్చామా, ఏ7 ఫోర్ సెన్సర్‌లో మధ్య భాగం మాత్రమే వాడుకుంటుంది, 24 కాస్తా 36 అయి కూర్చుంటుంది, తల పైకి లేచిన దోసిలి ఫ్రేమ్ దాటిపోతుంది. మిగతా రెండింటికీ ఈ బాధ లేదు, సెన్సర్ పూర్తి వెడల్పుతో 4కె 60 ఇస్తాయి.

అలాగని సోనీని పక్కన పెట్టేయలేం. 33 మెగాపిక్సెల్స్ కాబట్టి ఆల్బమ్ కోసం క్రాప్ చేసుకోవడానికి వెసులుబాటు ఎక్కువ. అంతకన్నా పెద్ద విషయం లెన్సులు. సిగ్మా, టామ్రాన్ వాళ్లవి సోనీకి బోలెడన్ని ఉన్నాయి, సొంత కంపెనీ లెన్సు కొనే డబ్బుతో పోలిస్తే చాలా మిగులుతుంది. బాడీ ఎప్పుడో మారుస్తాం, లెన్సులు మాత్రం ఏళ్ల తరబడి మనతోనే ఉంటాయి.

కెనాన్ ఈ విషయంలోనే ఇబ్బంది పెడుతుంది. ఈ కెమెరాకి లెన్సు బిగించే ఆర్ఎఫ్ మౌంట్‌లో ఫుల్ ఫ్రేమ్ కోసం బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులకి పెద్దగా చోటివ్వలేదు. కానీ డీఎస్ఎల్ఆర్ రోజుల నాటి ఈఎఫ్ (కెనాన్ పాత మౌంట్) లెన్సులు 24-70, 70-200 బీరువాలో ఉంటే కథే వేరు, అడాప్టర్ వేస్తే చక్కగా పనిచేస్తాయి. పైగా రెండు స్లాట్లూ ఎస్‌డీ కార్డులకే, కార్డుల ఖర్చు తక్కువ. సెకనుకి 40 ఫ్రేములన్న మాట చూసి మాత్రం మురిసిపోకండి, అది ఎలక్ట్రానిక్ షటర్‌తో, అంటే షటర్ తెర కదలకుండా సెన్సర్‌నే వరసలు వరసలుగా చదివే పద్ధతిలో. రిసెప్షన్‌లో ఎల్ఈడీ వాల్ ముందు ఆ షటర్‌తో తీస్తే ఫొటోల మీద చారలు పడే ప్రమాదం ఉంది. అక్కడ మెకానికల్ షటరే నమ్మకం, 12 ఫ్రేములు చాలు.

2024లో వచ్చిన జెడ్6 త్రీ వీడియోవాళ్ల కోసమే చేసినట్టుంటుంది. సెన్సర్‌ని చాలా వేగంగా చదువుతుంది కాబట్టి ఊరేగింపులో కెమెరా గబుక్కున తిప్పినా స్తంభాలు వంగినట్టు కనిపించవు, 6కె రా వీడియో (కెమెరా పెద్దగా ప్రాసెస్ చేయనిది) కార్డులోనే రికార్డవుతుంది. ఆ వేగానికి చెల్లించే మూల్యం తక్కువ ఐఎస్ఓలో (వెలుతురు బాగా ఉన్నప్పుడు పెట్టే సెన్సర్ సెట్టింగ్) తెలుస్తుంది. ప్రీవెడ్డింగ్‌లో సూర్యుడికి ఎదురుగా తీసి నీడల్ని బాగా పైకి లాగితే మిగతా రెండింటికన్నా నాయిస్ (గరుకు చుక్కలు) కాస్త ఎక్కువ. సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డు (ఎస్‌డీ కన్నా వేగమైన మెమరీ కార్డు), అదనపు బ్యాటరీలు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

2025 చివర్లో ఏ7 ఫైవ్, ఆర్6 మార్క్ త్రీ వచ్చాయి, డబ్బుంటే అవే చూడండి. ఈ మూడింట్లోనే అయితే, ఫొటోలే మీ ప్రధాన పని అయినప్పుడు ఏ7 ఫోర్, పాత కెనాన్ లెన్సులుంటే ఆర్6 మార్క్ టూ, కొత్తగా మొదలుపెట్టి వీడియో మీదే బతకాలంటే జెడ్6 త్రీ. ఇద్దరు కలిసి షూట్‌కి వెళ్లేవాళ్లయితే ఇద్దరూ ఒకే మౌంట్ తీసుకోండి, ముహూర్తం వేళ ఒకరి లెన్సు మొరాయిస్తే రెండోవాళ్లది వెంటనే పెట్టుకోవచ్చు.