ఆకు బిళ్ళల ప్రయోగం కోసమైతే కొనండి, సూచనల పుస్తకాన్ని మాత్రం నమ్ముకోవద్దు

కిరణజన్య సంయోగక్రియకి వెలుతురు, పత్రహరితం, కార్బన్ డయాక్సైడ్, నీరు కావాలని పిల్లలే చేసి తెలుసుకునే కిట్ అని డబ్బా మీద రాసుంది. క్లాసులో అన్నీ చేయించి చూశాక రాస్తున్నా, ఐదుకి మూడు స్టార్లు. సామాను చాలావరకు బాగుంది, పుస్తకమే బాగోలేదు. పోల్చే రెండు ఆకుల మధ్య ఒక్కటంటే ఒక్క తేడానే ఉండాలి, అప్పుడే ఫలితానికి కారణం అదేనని పిల్లలు ధైర్యంగా చెప్పగలరు. పుస్తకం రాసినవాళ్ళు ఈ సంగతి సగం చోట్ల పట్టించుకోలేదు.

ముందు మంచి చెప్తా. సిరంజి ప్రయోగం ఒక్కటి చాలు పెట్టిన డబ్బుకి. లేత పాలకూర ఆకుల నుంచి పంచ్‌తో చిన్న బిళ్ళలు తీసి, కార్బన్ డయాక్సైడ్ అందడానికి కొద్దిగా వంటసోడా, ఒక చుక్క సబ్బునీళ్ళు కలిపిన నీటితో సహా సిరంజిలో వేసి, మూతిని వేలితో మూసి పిడి వెనక్కి లాగితే ఆకు లోపలి ఖాళీల్లోని గాలి బయటికొస్తుంది, వదలగానే ఆ చోట్లలోకి నీరు చేరి బిళ్ళలు మునుగుతాయి. వాటిని గ్లాసులో పోసి లైటు కింద పెడితే కొంతసేపటికి లోపల ఆక్సిజన్ చేరి ఒక్కొక్కటే పైకి లేస్తాయి. పిల్లలు గ్లాసు దగ్గర్నుంచి కదల్లేదు. తేలినవాటిని చీకట్లో పెట్టండి, శ్వాసక్రియలో ఆ ఆక్సిజన్ ఖర్చయిపోయి మెల్లగా మళ్ళీ మునుగుతాయి, ఇంత మంచి విషయం గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఇంకో గ్లాసుకి వంటసోడా లేకుండా, మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడి (మరిగిస్తే నీటిలో కరిగున్న కార్బన్ డయాక్సైడ్ చాలావరకు పోతుంది) మిగతాదంతా అలాగే చేస్తే ఆ బిళ్ళలు అడుగునే ఉండిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ అవసరాన్ని ఇంత శుభ్రంగా చూపించే ప్రయోగం క్లాసులో నేను ఇంకోటి చూడలేదు.

కిట్ మాత్రం ఆ పనికి మోల్ అర్ధపత్ర ప్రయోగాన్ని పెట్టింది. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఉన్న సీసాలోకి, చీల్చిన బెండు మధ్యగా ఆకు సగం దూర్చాలి, లోపలి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని ద్రావణం పీల్చేసుకుంటుంది కాబట్టి ఆ సగంలో పిండిపదార్థం తయారవదు. పద్ధతి మంచిదే, కానీ ఇచ్చిన బెండు బిగిస్తే ఆకు నలిగిపోతోంది, వదులు చేస్తే సందుల్లోంచి గాలి దూరుతోంది, సందులకి పూయడానికి వాజిలీన్ ఇవ్వలేదు. పిండిపదార్థం ఉన్నచోట అయోడిన్ వేస్తే నల్లబడుతుంది, మాకు రెండు సగాలూ నల్లబడ్డాయి. పైగా ఆ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, గ్లోవ్స్, కళ్ళద్దాలు లేకుండా పిల్లల కిట్‌లో ఎలా పెడతారు?

వెలుతురు ప్రయోగానికి మధ్యలో నక్షత్రం ఆకారంలో రంధ్రం ఉన్న నల్ల స్టిక్కర్లు ఇచ్చారు, ఆకుకి రెండు వైపులా అంటించమన్నారు. చూడ్డానికి బాగుంటుంది, అయోడిన్ వేస్తే నక్షత్రం నల్లగా దిగుతుంది కూడా. కానీ స్టిక్కర్ వెలుతురుతో పాటు పత్రరంధ్రాల్ని కూడా మూసేస్తుంది, అంటే గాలి కూడా ఆగింది, మరి పిండిపదార్థం లేనిది దేనివల్ల? గానాంగ్ కాంతి తెర అనే పరికరంలో వెలుతురు ఆగి గాలి ఆడేలా ఏర్పాటు ఉండేది ఇందుకే. స్టిక్కర్లే వాడాలంటే ఇంకో ఆకుకి అంతే సైజు పారదర్శక టేపు అదే విధంగా అంటించండి, దాని కింద నల్లబడితే తేడా వెలుతురుదేనని గట్టిగా చెప్పొచ్చు. మొక్కని ముందు రెండు రోజులు చీకట్లో ఉంచాలన్న మాట చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, అది లేకపోతే ఆకులో పాత పిండిపదార్థమే ఉండి ప్రయోగమంతా వృథా. పరీక్షకి ఏ ఆకైనా పర్వాలేదని రాశారు, అదీ తప్పే, ఉల్లి ఆకుల్లో పిండిపదార్థానికి బదులు చక్కెరలు నిల్వ ఉంటాయి, అయోడిన్ రంగు మారదు. మందార తీసుకోండి.

అన్నిటికన్నా నాకు కోపం వచ్చింది అయోడిన్ పరీక్షకి ముందు ఆకులో పత్రహరితం తొలగించే పేజీ చూసి. "ఆకును ఆల్కహాల్‌లో మరిగించండి" అని ఒక్క వాక్యం, పక్కనే స్పిరిట్ దీపం బొమ్మ. ఇథైల్ ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఆవిరికి మంట తగిలితే భగ్గుమంటుంది. నీళ్ళు విడిగా మరిగించి, మంట పూర్తిగా ఆర్పేసి, ఆ వేడినీళ్ళ గిన్నెలో ఆల్కహాల్ నాళికని నిలబెట్టండి, ఆకు తెల్లబడుతుంది. ఈ పని టీచరే చెయ్యాలి, పిల్లలకి ఇవ్వొద్దు.

పత్రహరితం అవసరాన్ని చూపించే రెండు రంగుల కోలియస్ ఆకు ప్రయోగం చక్కగా వచ్చింది, ముందే ఆకుపచ్చ భాగాల్ని కాగితం మీద గీయించుకుంటే చాలు.

నీటి ప్రయోగమని ఇచ్చింది మాత్రం ఒక కుండీకి నీళ్ళు మానేసి చూడమనడమే. నీరందని మొక్క పత్రరంధ్రాలు మూసుకుంటుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ కూడా అందదు, వాడిపోతే కణాల పనులన్నీ దెబ్బతింటాయి, కాబట్టి నీరు ముడిసరుకు అని దీంతో తేలదు. విడుదలయ్యే ఆక్సిజన్ నీటి నుంచే వస్తుందని 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తల బృందం ఆక్సిజన్-18 (మామూలు ఆక్సిజన్ కన్నా బరువైన రకం) ఉన్న నీటితో చూపించారు, అది బడిలో చేసే పని కాదు. ఆ పేజీ వదిలేసి వాళ్ళేం చేశారో బోర్డు మీద గీసి చెప్పండి, మా పిల్లలు ఆ రోజు అడిగినన్ని ప్రశ్నలు వాడిపోయిన కుండీని చూసి అడగలేదు.