ఆఖరి పందెం: చూడాలా, పడేయాలా?

సంక్రాంతికి విజయనగరం వచ్చే మా కుర్రాళ్ళు ఇప్పుడు మూడు ముక్కలాటతో పాటు హోల్డెమ్ పోకర్ కూడా వేస్తున్నారు. అందులో ఒక్కొక్కరి చేతిలో రెండు మూసిన ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు తెరిచిన ముక్కలు. అంతా చింతపిక్కలతోనే. డబ్బు పెడితే మన రాష్ట్రంలో కేసవుతుంది, 1974 నాటి చట్టాన్ని 2020లో ఆన్‌లైన్ ఆటలకూ వర్తింపజేశారు. వాళ్ళంతా తిప్పి తిప్పి నన్ను అడిగేది ఒకటే: "మామయ్యా, బల్ల మీద ఐదో ముక్క పడ్డాక అవతలివాడు గట్టిగా పందెం కొడితే కాల్ చేయాలా (అంతే పెట్టి చూడాలా), ఫోల్డ్ చేయాలా (పడేయాలా)?"

పెద్ద ముక్కలున్నప్పుడు ఈ ప్రశ్నే రాదు. అతను బ్లఫ్ చేస్తుంటే, అంటే చేతిలో ఏమీ లేకుండానే కొడుతుంటే మాత్రమే గెలిచే ఒక మోస్తరు జోడీ చేతిలో ఉన్నప్పుడే టెన్షన్. అప్పుడు మనవాళ్ళు మూడిట్లో ఒకదాన్ని నమ్ముతారు: మొహం, లెక్క, బల్ల మీది ముక్కలు.

మొహం చూడడం మూడు ముక్కలాట నుంచి వచ్చిన అలవాటు. అక్కడ ముక్కలన్నీ మూసే ఉంటాయి, చూడడానికి మనిషి తప్ప ఇంకేం లేదు. బావమరిది చెయ్యి వణికితే అది బ్లఫ్ భయమో, మంచి ముక్కలొచ్చిన సంబరమో నేనైతే చెప్పలేను. ఒక్కటి మాత్రం పనికొస్తుంది: ఎన్నేళ్ళుగా ఆడుతున్నా ఎప్పుడూ బ్లఫ్ చేయని మనిషి కొడితే పడేయండి.

లెక్క తప్పనిసరి. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 100 పిక్కలుండి అతను 50 పెడితే, మనం 50 పెట్టి 150 కోసం ఆడుతున్నాం. నాలుగింట ఒకసారి గెలిచినా నష్టం లేదు. 100 పెడితే మూడింట ఒకసారి గెలవాలి. కానీ లెక్క ఎంత గెలవాలో చెబుతుంది, ఎంత గెలుస్తామో చెప్పదు.

అది చెప్పేది బల్ల మీది ముక్కలే. నా ఓటు వీటికే. ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది, డైమండ్ ఏడు, తర్వాత కళావరు మూడు, చివర ఆఠీను రెండు పడ్డాయనుకోండి. అతను మొదటి నుంచీ కొడుతూ వచ్చాడు. రెండు ఇస్పేట్లతో కలర్ (ఐదు ఒకే రంగు ముక్కలు) కోసం ఆగినవాడికి రాలేదు. పదీ తొమ్మిదీ, లేదా ఆరూ ఐదూ పట్టుకుని సీక్వెన్స్ (వరసగా ఐదు ముక్కలు) కోసం చూసినవాడికీ రాలేదు. ఏమీ రాక చివరికి బ్లఫ్ చేయగల చేతులు ఇన్ని ఉన్నాయి కాబట్టి, రాజు జోడీతో పాట్ అంత పందేన్నీ చూస్తాను.

అదే రాజు, ఎనిమిది, మూడు, మళ్ళీ మూడు, జాకీ, మొదటి నాలుగింట్లో ఏ రంగూ కలవకుండా పడితే? అక్కడ ఎదురుచూడడానికి ఏముంది? రాకుండా పోయిందేమీ లేనప్పుడు అతను దేనితో బ్లఫ్ చేస్తాడు? అదే జోడీ, అదే పందెం, కానీ ఈసారి పడేస్తాను.

మన చేతి ముక్కలూ ఇందులో లెక్కకొస్తాయి. మొదటి బల్ల మీదే నా దగ్గర ఆఠీను రాజు, ఇస్పేటు రాణి ఉంటే, ఆ రాణితో కలర్ కోసం చూసిన చేతులు అతని దగ్గర ఉండే వీల్లేదు. అంటే బ్లఫ్‌లు తగ్గాయి. ఆఠీను రాజు, డైమండ్ జాకీ ఉంటే ఆ చేతులన్నీ అతని దగ్గర ఉండొచ్చు. రాణి కన్నా జాకీ చిన్నదే అయినా, కాల్ చేయడానికి నాకు జాకీయే మేలు. పిల్లలు దీన్ని వెంటనే ఒప్పుకోరు, కానీ ఆ పందేనికి రెండు చేతులూ ఓడేది దాదాపు ఒకే ముక్కలకి. తేడా అంతా గెలిచేచోటే.

రెయిజ్, అంటే అతని పందెం మీద ఇంకా పెంచడం, సంగతి అడుగుతారు. మోస్తరు జోడీతో వద్దు. మనకన్నా తక్కువవాడు పడేస్తాడు, పెద్దవాడే ఉంటాడు.

మన తర్వాత ఇంకొకరి వంతు మిగిలి ఉంటే మాత్రం పైన చెప్పినదాంట్లో సగం పడేసేవైపు జరపండి. కొట్టినవాడి చేతిలో బ్లఫ్ ఉన్నా, వెనకున్నవాడి చేతిలో ఏముందో ఆ లెక్కలోకి రాలేదు.